అతుకుల బొంతలో అద్భుత లోకాలు

మెరుగులు దిద్దిన భారీ వీడియో గేమ్‌లను పక్కనబెట్టి, చేతిలో డబ్బులేనివారు తయారుచేసిన మొరటు ఆటలను వెతుక్కునేవారికి టోక్యోలో ఓ దారి ఉంది. ఆ ఆటలకు మిగిలిన కాలమే తక్కువ.

అకిహబరా స్టేషన్‌లో ‘ఎలక్ట్రిక్ టౌన్’ అన్న బోర్డున్న ద్వారం దాటగానే ముందు చెవులు హోరెత్తుతాయి, తర్వాత కళ్లు జిగేల్‌మంటాయి. భవనాల నిండా బొమ్మల హోర్డింగులు, దుకాణాల్లోంచి దూసుకొచ్చే పాటలు, పనమ్మాయి వేషాల్లో నిలబడి కాఫీ హోటళ్ల కరపత్రాలు పంచే యువతులు. ఆదివారం మధ్యాహ్నాల్లో చువో-దోరి రోడ్డు మీద కార్లను ఆపేస్తారు. జనం రోడ్డంతా తమదే అన్నట్టు నడుస్తుంటారు. ఎటు చూసినా కొత్త ఆటల ప్రకటనలే. వాటిలో వీరుడి జుట్టులో ఒక్కో వెంట్రుకా గాలికి విడివిడిగా కదులుతుంది.

ఆ జనంలో కొందరు మాత్రం తలెత్తి చూడరు. పెద్దరోడ్డు వదిలేసి సందులోకి తిరుగుతారు. అక్కడో ఇరుకు భవనంలో మూడో అంతస్తు నుంచి ఐదో అంతస్తు దాకా ‘సూపర్ పొటాటో’ అనే పాత వీడియో గేమ్‌ల దుకాణం ఉంది. ఐదో అంతస్తులో నాణెం వేసి ఆడుకునే పాత యంత్రాలు, పక్కనే చిన్నపిల్లల చిరుతిళ్లు. కింది రెండు అంతస్తుల్లో నేల నుంచి పైకప్పు దాకా క్యాట్రిడ్జ్‌లు. కొన్నింటి వెనక మార్కర్‌తో రాసిన పేర్లు కూడా కనిపిస్తాయి. నలభై ఏళ్ల కిందట ఎవరో కుర్రాడు స్నేహితుడికి అరువిచ్చేటప్పుడు పోకుండా రాసుకున్న సొంత పేరు అది.

ఇక్కడికొచ్చేవారిలో పర్యాటకులు చాలామంది మారియో కోసమే వస్తారు. వారితోపాటు వచ్చే మరో తెగ వెతికేది పేరున్న ఆటలను కాదు. గ్రాఫిక్స్ పేలవంగా ఉన్నవి, సగంలో ఆపేసినట్టుండేవి, విమర్శకులు ఐదో ఆరో మార్కులిచ్చి వదిలేసినవి వారికి కావాలి. ముఖ్యంగా జపాన్ మార్కు రోల్ ప్లేయింగ్ గేమ్‌లు. ఆడేవారు ఒక పాత్రలో ప్రవేశించి, ఊళ్లు తిరిగి, మనుషులతో మాట్లాడి, రాక్షసులతో పోరాడి, నలభై యాభై గంటలపాటు ఒక కథను నడిపించే ఆటలివి. నవల చదవడానికీ, చదరంగం ఆడటానికీ మధ్యలో ఉండే వ్యవహారం.

లేమిలో పుట్టిన కళ

మొరటు ఆట మీద మోజు పైకి వింతగా కనిపిస్తుంది. అకిహబరా చరిత్ర తెలిస్తే అంత వింతనిపించదు. 1869లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక ఇక్కడ నిప్పు నుంచి కాపాడే దేవుడికి గుడి కట్టారు. ఆ దేవుడి పేరే క్రమంగా ఊరి పేరైంది. రెండో ప్రపంచ యుద్ధంలో టోక్యో బూడిదయ్యాక ఇక్కడి వీధుల్లో రేడియో విడిభాగాల అంగళ్లు వెలిశాయి. కొత్త రేడియో కొనలేనివారు వాల్వులు, తీగలు కొనుక్కెళ్లి ఇంట్లో సొంతంగా బిగించుకునేవారు. రైల్వే వంతెన కింద మంచం పట్టేంత కొట్లలో విడిభాగాలు అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. దొరికిన ముక్కలతో పనిచేసేదేదో తయారుచేయడం ఈ పేట పుట్టుకలోనే ఉంది.

జపాన్ ఆర్‌పీజీ కూడా అలా పుట్టిందే. అమెరికాలో 1981లో వచ్చిన ‘విజార్డ్రీ’, ‘అల్టిమా’ కంప్యూటర్ ఆటలను చూసి మోజుపడ్డ యుజి హొరీ, కొయిచి నకమురా వాటిని జపాన్ పిల్లల టీవీల్లోకి తేవాలనుకున్నారు. చేతిలో ఉన్నది నింటెండో ఫ్యామికామ్, దానిలో పెట్టే 64 కిలోబైట్ల క్యాట్రిడ్జ్. ఇవాళ సెల్‌ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. అందులోనే రాజ్యం, సముద్రం, గుహలు, డ్రాగన్, రాకుమార్తె పట్టాలి. చోటు చాలక కతకానా లిపిలో ఇరవై అక్షరాలనే ఉంచుకుని, ఊళ్ల పేర్లు, రాక్షసుల పేర్లు వాటితోనే కుదిరేలా పెట్టారు. వీరుడి బొమ్మను నాలుగు దిక్కుల నుంచి గీయడానికీ చోటు లేదు. ఎటు నడిచినా అతని ముఖం మనవైపే ఉంటుంది, పీత నడకలా. 1986 మేలో ‘డ్రాగన్ క్వెస్ట్’ అలా వచ్చింది.

ఆటను మధ్యలో ఆపి మర్నాడు కొనసాగించాలంటే ఇరవై అక్షరాల మంత్రాన్ని కాగితం మీద రాసుకోవాలి. ఒక్క అక్షరం తప్పు రాస్తే అంతవరకూ పడ్డ శ్రమంతా గోవిందా. అయినా ఓ తరం నోటుపుస్తకాల నిండా ఆ మంత్రాలు రాసుకుంది. రెండేళ్ల తర్వాత, 1988 ఫిబ్రవరిలో మూడో భాగం విడుదలైంది. అది బుధవారం కావడంతో బడులు ఎగ్గొట్టి మరీ పిల్లలు దుకాణాల ముందు బారులు తీరారు. మంత్రం రాసుకునే బాధ తప్పించిన బ్యాటరీ కూడా ఆ భాగంతోనే వచ్చింది.

తెరమీద కనిపించేది చుక్కల బొమ్మే. మిగతాది ఆడేవాడు పూరించుకుంటాడు. వీధినాటకంలో వెనక తెరమీది రాజదర్బారు రంగు వెలిసిపోయినా, పద్యం వింటున్నవాడి కళ్లకు దర్బారు కడుతుంది కదా, ఇదీ అంతే. పేదరికం నేర్పిన ఈ పాఠాన్ని డబ్బొచ్చాక పరిశ్రమ మరచిపోయిందన్నది మొరటు ఆటల అభిమానుల ప్రధాన ఫిర్యాదు.

ఒకే ఏడాది, నాలుగు దారులు

ఈ వాదనకు 1997 మంచి సాక్ష్యం. ఆ ఏడాది జనవరి 31న స్క్వేర్ కంపెనీ ‘ఫైనల్ ఫాంటసీ 7’ను విడుదల చేసింది. మూడు సీడీలు, వందమందికి పైగా నిపుణులు, సినిమాను తలదన్నే దృశ్యాలు. జపాన్ ఆర్‌పీజీని ప్రపంచమంతా ఆడేలా చేసింది ఈ ఆటే. దాని గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. ఈ పరంపరలో మంచును కురిపించే దేవత పేరు ‘శివ’ అని, ఆమె స్త్రీ అని తెలిసినప్పుడు భారతీయులు మాత్రం ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ విజయం తర్వాత భారీతనమే ప్రమాణమైంది. ఖర్చు పెరిగేకొద్దీ తప్పుచేసే ధైర్యం తగ్గింది.

అదే ఏడాది మేలో నగానో పట్టణానికి చెందిన గస్ట్ అనే చిన్న కంపెనీ ‘అటెలియర్ మారీ’ని తెచ్చింది. ఇందులో ప్రపంచాన్ని కాపాడే పనేమీ లేదు. రసవాద విద్యాలయంలో అందరికన్నా తక్కువ మార్కులు తెచ్చుకునే ఓ అమ్మాయికి టీచరు ఓ చిన్న దుకాణం అప్పగించి, ఐదేళ్లలో చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటి తయారుచేసి చూపమంటుంది. మూలికలు ఏరుకోవడం, నూరడం, అద్దె యోధులకు కూలి ఇవ్వడం, గడువు ముంచుకొస్తోందని కంగారుపడటం, ఇదే ఆట. ఆ చిన్న ఆటతో మొదలైన పరంపర పాతికేళ్లు దాటినా నడుస్తోంది. మొదటి భాగాన్నే 2023లో మళ్లీ కొత్తగా తయారుచేశారు.

జులైలో స్క్వేర్ నుంచే ‘సాగా ఫ్రాంటియర్’ వచ్చింది. అకితోషి కవజు దర్శకత్వం. ఏడుగురు నాయకులు, ఏడు కథలు, ఎటుపోవాలో చెప్పే దిక్కులేదు. అనుకున్నంతా కుదరక కొంత కథ కోసేశారు. ఓ నాయకుడి కథ ఆఖరి పోరాటం మధ్యలో హఠాత్తుగా తెగిపోతుంది. లోపమా, ఉద్దేశమా అని అభిమానులు అప్పటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. 2021లో మెరుగుపరచి మళ్లీ విడుదల చేసినప్పుడు, అప్పట్లో వదిలేసిన ఎనిమిదో కథను అందులో చేర్చారు.

ఇక అక్టోబర్‌లో వచ్చిన ‘మూన్’. స్క్వేర్ నుంచి బయటికొచ్చినవారు లవ్-డి-లిక్ అనే చిన్న బృందంగా ఏర్పడి చేసిన ఆట. ఓ కుర్రాడు టీవీ ముందు ఆర్‌పీజీ ఆడుతూ ఆ టీవీలోకే పడిపోతాడు. అక్కడ అతను ఎవరికీ కనబడడు. కళ్లు సరిగా కనిపించని ఓ ముసలమ్మ తన మనవడే తిరిగొచ్చాడనుకుని చేరదీస్తుంది. ఊరివారి దృష్టిలో ‘వీరుడు’ అంటే ఇళ్లలో జొరబడి బీరువాలు గాలించే పోకిరి. అతను చంపిపారేసిన జంతువుల ఆత్మలను పట్టుకుని సాగనంపడమే కుర్రాడి పని. ఇందులో పోరాటాలు లేవు. ఒకరి బాధ అర్థం చేసుకుంటే ప్రేమ పెరుగుతుంది, ప్రేమ పెరిగితే ఎక్కువసేపు మేలుకుని ఉండగలుగుతాడు. మట్టిబొమ్మలు, ఫొటోలు, చేతిగీతలు కలిపి కుట్టిన ఆ అతుకుల బొంత ఆటకు ఇంగ్లీషు రూపం 2020 దాకా రాలేదు. కానీ దాని ఊహ గురించి విని ప్రేరణ పొందిన అమెరికన్ యువకుడు టోబీ ఫాక్స్ 2015లో ‘అండర్‌టేల్’ చేస్తే అది లక్షల్లో అమ్ముడుపోయింది.

నాలుగింటిలో ఏది గొప్పదన్నది తేలే విషయం కాదు. కానీ వీరుడు నిజంగా వీరుడేనా అన్న ప్రశ్న వేయగల స్వేచ్ఛ ఏ ఆటకు ఎక్కువన్నది తేలికగానే అర్థమవుతుంది. కోట్ల డాలర్లు తిరిగి రాబట్టాల్సిన ఆట ఆ సాహసం చేయదు.

పసుపు రైలు, నారింజ రైలు

అకిహబరాలో పసుపుచారల లోకల్ రైలెక్కితే అరగంటలోపే నకానో వస్తుంది. స్టేషన్ ఎదుటి కప్పువేసిన బజారు చివర ‘నకానో బ్రాడ్‌వే’ అనే 1966 నాటి భవనం. పై అంతస్తుల్లో కాపురాలు, కింద దుకాణాలు. పాత బొమ్మల పుస్తకాలమ్మే ‘మందరకే’ 1980లో ఇక్కడో చిన్న కొట్టుగా మొదలై, ఇప్పుడు భవనంలో ఎన్నో గదులకు పాకింది. అకిహబరాలో కాలు పెట్టే చోటులేనప్పుడు తెలిసినవారు ఇటొస్తారు.

జపనీయులు చెత్త ఆటలకు ‘కుసోగే’ అని పేరు పెట్టారు. మాట మోటుదే అయినా అందులో తిట్టుతోపాటు ముద్దూ ఉంది. ఆ జాబితాలో శాశ్వత స్థానం సంపాదించింది 1987 నాటి ‘హోషి ఓ మిరు హితో’, అంటే నక్షత్రాలను చూసేవాడు. హాట్-బీ కంపెనీ తయారీ. వీరుడు నత్తలా నడుస్తాడు. మొదలయ్యేసరికి మైదానం మధ్యలో నిలబడి ఉంటాడు, ఎక్కడికెళ్లాలో తెలియదు. పక్కనే ఊరుంది గానీ అది కంటికి కనబడదు. నాలుగడుగులు వేసేలోపే తట్టుకోలేని రాక్షసులు మీదపడి చంపేస్తాయి. అప్పట్లో డబ్బుపోసి కొన్న పిల్లల కన్నీళ్లు వేరే చెప్పాలా!

అయితే పట్టువదలనివారికి తర్వాత ఓ సంగతి తెలుస్తుంది. మనసులోని మాట వినగల శక్తి ఉన్నవారిని కంప్యూటర్ పాలించే నగరం వేటాడుతోంది. దాక్కున్నవారి ఊరు కనబడకపోవడానికి కారణం అదే. చేతగానితనం వల్ల పడ్డ తిప్పలనుకున్న వాటిలో కొన్ని కథలో భాగమని అర్థమయ్యేసరికి ఆట మరోలా కనిపిస్తుంది. హాట్-బీ 1990లలోనే మూతపడింది. ఆట మాత్రం చావలేదు. అభిమానులు సొంతంగా దాన్ని తిరగరాశారు. 2020లో మరో కంపెనీ నింటెండో స్విచ్ మీద మళ్లీ విడుదల చేసింది.

నకానోలో నారింజచారల రైలుకు మారితే మరో అరగంట పైచిలుకులో తచికవ వస్తుంది. టోక్యో పడమటి శివారు. 1981లో మసయుకి కటో ఇక్కడ ఆపిల్ కంప్యూటర్లమ్మే దుకాణంగా మొదలుపెట్టిన ‘నిహోన్ ఫాల్కమ్’ ఇప్పటికీ ఇదే ఊళ్లో ఉంది. ఉద్యోగులు వందకు లోపే. పర్యాటకులు చూడటానికి ఏమీ ఉండదు, అది ఆఫీసు. అయినా వచ్చి భవనాన్ని ఫొటో తీసుకుని పోయే అభిమానులుంటారు. ప్రస్తుత అధ్యక్షుడు తొషిహిరో కొండో కూడా ఒకప్పుడు అలాంటి అభిమానే. ఈ కంపెనీ ఆట మీద సొంతంగా వెబ్‌సైట్ నడిపి, 1998లో ఉద్యోగంలో చేరారు.

ఫాల్కమ్ 2004లో మొదలుపెట్టిన ‘ట్రెయిల్స్’ పరంపర చూపులకు ఆ కాలానికే పాతది. కానీ కథలో ప్రతి మలుపు తర్వాతా ఊళ్లోని ప్రతి మనిషీ కొత్త మాట మాట్లాడతాడు. వంటమనిషి, పోర్టరు, ప్రేమలో పడ్డ గుమాస్తా, ఒక్కొక్కరికీ ఒక చిన్న కథ. పెద్ద కంపెనీలు బొమ్మ మీద పెట్టిన డబ్బును ఇక్కడ మాటల మీద పెట్టారు. 2025లో దాని మొదటి భాగాన్ని కొత్త హంగులతో పునర్నిర్మించారు. పాత అభిమానులకు సంతోషమూ, చిన్న బెంగా ఒకేసారి కలిగాయి.

టోక్యో అఖాతం ఒడ్డున ‘బిగ్ సైట్’ ప్రదర్శనశాలలో ఏటా ఆగస్టు, డిసెంబర్ నెలల్లో జరిగే కామిక్ మార్కెట్ ఈ దారిలో మరో మజిలీ. 1975లో 32 బృందాలతో, సుమారు 700 మందితో మొదలైన ఆ సంతకు ఇప్పుడు లక్షల్లో జనం వస్తారు. బల్లమీద సొంతంగా కాపీచేసిన సీడీలు పేర్చుకుని అమ్ముకునేవారు అక్కడ ఉంటారు. 2007లో అక్కడ వెలుగుచూసిన ‘రెసెటియర్’లో నాయిక కత్తి పట్టదు. తండ్రి చేసిన అప్పు తీర్చడానికి ఇంట్లోనే కొట్టు పెట్టి, సరుకు బేరమాడుతుంది. వారం వారం వాయిదా కట్టకపోతే ఇల్లు పోతుంది. 2010లో ఇంగ్లీషులోకి వెళ్లాక లక్షకు పైగా అమ్ముడుపోయింది. సొంతంగా ఆటలు అల్లుకునే ‘ఆర్‌పీజీ మేకర్’ సాఫ్ట్‌వేర్‌తో కికియామా అనే మారుపేరుగల వ్యక్తి 2004లో ఉచితంగా పంచిన ‘యుమె నిక్కి’ మరో ఉదాహరణ. గదిలోంచి బయటికి రాని అమ్మాయి కలల్లో తిరగడమే ఆట. మాటలు దాదాపు లేవు. ఆ కికియామా ఎవరో ఇప్పటికీ లోకానికి తెలియదు.

ప్రేమ గుడ్డిదైతే

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. చవక ఆటలన్నీ మాణిక్యాలు కావు. చాలావాటిలో మొరటుతనం వట్టి మొరటుతనమే. ఒకే గుహను రంగు మార్చి పదిసార్లు వాడటం, నిడివి పెంచడానికి అడుగడుగునా పనికిరాని పోరాటాలు పెట్టడం, తప్పులతడక అనువాదాలు, అమ్ముడుపోవడానికి అమ్మాయిల బొమ్మల్ని అరకొర దుస్తుల్లో నింపడం, ఇవన్నీ ఈ గదిలోని దుమ్మే. భారీ ఆటలన్నీ బోలువీ కావు. వందలమంది పనితనం అందులో ఉంటుంది.

అసలు తేడా మరోచోట ఉంది. మెరుగుపెట్టిన ఆటలో చేతిగుర్తులు చెరిగిపోతాయి. మొరటు ఆటలో తయారుచేసినవాడు ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ డబ్బు అయిపోయిందో, అయినా దేన్ని వదులుకోలేకపోయాడో తెలిసిపోతుంది. 2010లో కావియా సంస్థ చేసిన ‘నియర్’ను విమర్శకులు అంతంతమాత్రంగానే మెచ్చుకున్నారు. సంస్థ ఆ ఏడాదే కనుమరుగైంది. కానీ యోకో తారో రాసిన ఆ కథలో చివరి ముగింపు చూడాలంటే ఆడేవారు అంతవరకూ దాచుకున్న ఆటనంతా చెరిపేసుకోవాలి. ఓ మనిషిని కాపాడటానికి చెల్లించే వెల అది. దాన్ని మరచిపోలేనివారి వల్లే 2017లో ‘నియర్: ఆటోమాటా’ వచ్చి లక్షల కాపీలు అమ్ముడుపోయింది.

మిగిలేవెన్ని?

ఇప్పుడు దిగులంతా ఈ ఆటల ఆయుష్షు గురించే. పేరున్న ఆట పదేళ్లకోసారి కొత్త రూపంలో వస్తుంది. పేరులేనిది క్యాట్రిడ్జ్‌తోనే పోతుంది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. జపాన్‌లో 1995-2000 మధ్య ఉపగ్రహం ద్వారా ప్రసారమైన నింటెండో ‘సాటెలావ్యూ’ ఆటల్లో కొన్ని ఎవరి దగ్గరా మిగల్లేదు. 2023 మార్చిలో నింటెండో 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణం మూతపడటంతో అక్కడ తప్ప మరెక్కడా దొరకని చిన్న ఆటలు కొనే దారి పోయింది. పాత మొబైల్ ఫోన్ల కోసం చేసిన ఆర్‌పీజీల గతి మరీ దారుణం. వాటిలో కొన్నింటిని జీ-మోడ్ కంపెనీ 2020 నుంచి మళ్లీ బతికిస్తోంది.

నిహోన్ పార్లమెంటు గ్రంథాలయం 2000 అక్టోబర్ నుంచి ఆటలనూ పుస్తకాల్లా సేకరిస్తోంది. అంతకు ముందువాటికి దిక్కు అభిమానులే. 2011లో టోక్యోలో ఏర్పడిన గేమ్ ప్రిజర్వేషన్ సొసైటీ 1980ల నాటి ఫ్లాపీలను బూజు తుడిచి, ఒక్కొక్కటిగా నకలు తీస్తోంది. ఫ్లాపీ మీది అయస్కాంత పూత రాలిపోయేలోగా పని ముగియాలి. అకిహబరా కూడా ఆగడం లేదు. చువో-దోరిలో ఆనవాలుగా ఉన్న ఎర్రటి సెగా ఆర్కేడ్ భవనం 2020 ఆగస్టు 30న మూతపడింది. 2024లో డాలరుకు 160 యెన్‌ల దాకా పడిపోయినప్పుడు విదేశీ పర్యాటకులు పాత ఆటలను సంచులకొద్దీ కొనుక్కెళ్లారు. రాక్ ఖాళీ అయితే మళ్లీ నిండుతుందన్న నమ్మకం లేదు.

టోక్యో తూర్పున భారతీయ ఐటీ ఉద్యోగులు ఎక్కువగా ఉండే నిషికసాయ్ నుంచి అకిహబరా అంత దూరమేమీ కాదు. ఇడ్లీపిండి కోసం అక్కడి ఇండియన్ దుకాణాలకు వెళ్లే తెలుగు కుటుంబాల పిల్లలు ఆదివారం ఇటొస్తే వారికీ ఈ మెట్లు తెరిచే ఉంటాయి.

బ్యాటరీ ఉన్న పాత క్యాట్రిడ్జ్ కొన్నవారికి కొన్నిసార్లు అనుకోని అతిథి ఎదురవుతాడు. టీవీకి తగిలించగానే పాత యజమాని ఆపేసిన ఆట ఇంకా అందులో ఉంటుంది. పిల్లవాడు వీరుడికి తన పేరే పెట్టుకుని ఉంటాడు. ఆఖరి కోట ముందు, చేతిలో మంచి కత్తితో, మూడు దశాబ్దాలుగా నిలబడి ఉంటాడా వీరుడు. బ్యాటరీ నేడో రేపో అయిపోతుంది. కొత్తది వేస్తే ఆట బతుకుతుంది, ఆ పిల్లవాడి పేరు చెరిగిపోతుంది. వేయకపోతే కొన్నాళ్లకు పేరు ఎటూ పోతుంది, ఇకపై ఆడేవారికి ఆటను దాచుకునే వీలూ ఉండదు. కొన్నవారిలో చాలామంది స్క్రూడ్రైవర్ చేతబట్టే ముందు ఒకసారి ఆ కోటలోకి వెళ్లొస్తారు. ఎవరో మొదలుపెట్టి వదిలేసిన కథను ముగించి, ఆ తర్వాతే మూత విప్పుతారు.